కొత్త బట్టలు, బస్సు ఛార్జీ

ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాలో ఉన్న హామ్లిన్ ఫిస్టులా ఆసుపత్రికి వచ్చే ఆడవాళ్లలో చాలామందికి దాహమైనా నీళ్లు తాగని అలవాటు ఉంటుంది. తాగితే మూత్రం కారుతుంది. కారితే వాసన. ఆ వాసన భరించలేక బస్సులో పక్కవాళ్లు గొడవపెట్టి నడిదారిలో దింపేసిన సందర్భాలున్నాయి. నీళ్లు తగ్గించేకొద్దీ మూత్రం చిక్కబడి, తొడలు ఒరుసుకుని పుండ్లు పడతాయి. తడి తెలియకుండా కాళ్లు ముడుచుకుని ఏళ్ల తరబడి పడుకోవడం వల్ల మోకాళ్లు బిగుసుకుపోయి, నడవలేక వచ్చేవాళ్లూ ఉంటారు.

పురుడంటే ఆడదానికి పునర్జన్మ అంటారు మన పెద్దలు. రోడ్డు లేని కొండపల్లెలో కాన్పు కష్టమైతే ఆ తల్లికి బతుకు దక్కినా మనుషుల్లో చోటు దక్కదు. బిడ్డ తల కటి ఎముకల మధ్య ఇరుక్కుని నొప్పులు రోజుల తరబడి సాగుతాయి. ఆ ఒత్తిడికి మూత్రాశయం పక్కనున్న కండ రక్తం అందక చచ్చిపోతుంది, అక్కడ రంధ్రం మిగులుతుంది. అదే ఫిస్టులా. బిడ్డ చాలాసార్లు కడుపులోనే పోతుంది. ఆ తర్వాత భర్త వదిలేస్తాడు, పుట్టింటివాళ్లు విడిగా ఒక పాకలో ఉంచుతారు.

వేళకు సిజేరియన్ చేస్తే ఇదంతా జరగదు. సంపన్న దేశాల్లో ఈ బాధ ఎప్పుడో మాయమైంది. పేద దేశాల్లో మాత్రం ఇప్పటికీ దాదాపు 5 లక్షల మంది దీనితో బతుకుతున్నారని ఐక్యరాజ్యసమితి జనాభా నిధి అంచనా. ఇది రోగం అనడం కంటే దూరం చేసిన గాయం అనడమే న్యాయం.

1959లో రెజినాల్డ్, కేథరిన్ హామ్లిన్ దంపతులు మూడేళ్ల ఒప్పందం మీద అడిస్ అబాబా వచ్చారు. ఆయనది న్యూజిలాండ్, ఆమెది ఆస్ట్రేలియా. ఇద్దరూ ప్రసూతి వైద్యులే అయినా అంతకుముందు ఒక్క ఫిస్టులా కేసూ చూడలేదు. పాత వైద్యగ్రంథాలు తిరగేసి ఆపరేషన్ నేర్చుకున్నారు. 1974లో ఈ ఆసుపత్రి తెరిచారు. 1993లో ఆయన పోయాక కూడా ఆమె అక్కడే ఉండిపోయారు. 2020లో, 96 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఈలోగా 60 వేల మందికి పైగా ఇక్కడ చికిత్స అందింది.

ఆసుపత్రి తెరవకముందే ఆ దంపతుల దగ్గర చికిత్స పొందినవాళ్లలో మామితు గాషే ఒకరు. 1960ల్లో, పదహారేళ్ల వయసులో, నాలుగు రోజుల నొప్పుల తర్వాత బిడ్డను పోగొట్టుకుని వచ్చిన పల్లెటూరి పిల్ల. చదువు రాదు. కోలుకుంటూ తోటి రోగుల పక్కలు సర్దింది, ఆపరేషన్ గదిలో పనిముట్లు అందించింది. చూసి చూసి కుట్లు వేయడం నేర్చింది, చివరికి ఫిస్టులా సర్జన్ అయింది. 1989లో లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ బంగారు పతకం హామ్లిన్ దంపతులతో పాటు ఆమెకూ ఇచ్చింది.

తనొక్కదానికే దేవుడు పెట్టిన శాపం అనుకుంటూ వచ్చిన మనిషి ఇక్కడ వార్డు నిండా తనలాంటివాళ్లను చూస్తుంది. రంగురంగుల ఊలు శాలువా కప్పుకుని వాళ్ల మధ్య కూర్చుంటుంది. ఇంటికి వెళ్లే రోజున చేతిలో కొత్త బట్టలు, బస్సు ఛార్జీ పెడతారు. మళ్లీ కడుపు పండితే కాన్పు ఆసుపత్రిలోనే జరగాలని మరీమరీ చెప్పి పంపుతారు.

చెప్పినంత మాత్రాన ఆసుపత్రి దగ్గరికి జరగదు కదా! అందుకే 2007లో హామ్లిన్ మంత్రసానుల కళాశాల మొదలైంది. పల్లెల నుంచి ఎంపికైన అమ్మాయిలు నాలుగేళ్లు చదువుకుని సొంత ప్రాంతాలకే పనికి వెళతారు. నొప్పులు మొదలై ఎన్ని గంటలైందో లెక్కపెట్టి, ఇక ఆగకూడదని చెప్పే మనిషి ఇప్పుడు కొన్ని పల్లెలకైనా నడిచి వెళ్లేంత దగ్గర్లో ఉంది.