యువకుల దేహబలము – పంచాయతీల బాధ్యత

అనంతపురం పీఠభూమిలోని పల్లెలలో రచ్చకట్ట చెంతనో, గుడి ముంగిటనో ఒక రాతిగుండు పడియుండుట పలువురు ఎరిగినదే. దానిని భుజమున కెత్తిన యువకుని ఊరెల్ల మెచ్చుకొనును. నేడు ఆ ఉత్సాహము వ్యాయామశాలల వైపు మరలినది. ఇది సంతోషింపదగిన విషయమే. కాని పండిన వేరుశనగ నంతయు వ్యాపారికి అమ్మి, ఆ సొమ్ముతో కండబలపు పొడి డబ్బాలను కొనుట వెన్న చేత బెట్టుకొని నేతికై తిరుగుటయే యగును. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు ఈ సీమలో ప్రతి రూపాయియు విలువైనదే.

బరువు నెత్తినపుడు కండరమునకు అలవాటులేని శ్రమ కలుగును. తరువాత ఆహారము, విశ్రాంతి లభించినచో అది మునుపటికంటె దృఢమగును. కావున ఒకే కండరమునకు దినదినము శ్రమ కల్పింపరాదు. వారమునకు రెండు మూడు దినములు చాలును. పెద్దలందరును వారమున కనీసము రెండు దినములు కండరములకు బలము చేకూర్చు వ్యాయామము చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. మొదట పది పన్నెండు మార్లు చక్కగా ఎత్తగల బరువుతో ఆరంభించి, అది సులువైన పిమ్మట కొలదికొలదిగా పెంచవలెను. వెన్ను వంపక, బరువును దేహమునకు దగ్గరగా నుంచి, కాళ్ల బలముతో లేపవలెను. పంతమునకై ఒక్కసారిగా పెద్దగుండు నెత్తిన నడుము చెడును.

శ్రమ చేయనివారికి దేహపు బరువు కిలో ఒక్కింటికి దినమునకు 0.8 గ్రాముల మాంసకృత్తులు చాలును. బరువు లెత్తువారికి సుమారు 1.6 గ్రాములు మేలని, అంతకు మించి తిన్నను కండ పెద్దగా పెరుగదని పరిశోధనలు తెలుపుచున్నవి. 60 కిలోల యువకునకు ఇది 96 గ్రాములు. దినమునకు 400 గ్రాముల రాగి, కొర్ర, బియ్యము వంటి ధాన్యముల వలన సుమారు 30, 75 గ్రాముల ఉలవల వలన 16, అంతే వేరుశనగ వలన 19, రెండు గ్రుడ్ల వలన 12, అరలీటరు పాల వలన 16 గ్రాములు లభించును. మొత్తము 93! ధాన్యములలోని లోపమును పప్పులు పూరించును గనుక సంగటితో ఉలవలు తినుట యుక్తము. బూజుపట్టిన వేరుశనగలో కాలేయమునకు హాని చేయు విషముండును, దానిని తినరాదు. పొడి అత్యవసరము కాదు. ఊరు పేరు లేని మాత్రలు, సూదిమందులు మాత్రము ప్రాణాపాయకరములు.

ఇది మగవారికి మాత్రమే చెందిన విద్య కాదు. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటకు చెందిన శ్రీమతి కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో మొత్తము 240 కిలోలు ఎత్తి కాంస్య పతకము గెలిచి, ఒలింపిక్ పతకము నందిన తొలి భారత మహిళ యైనారు.

పంచాయతీ సభ్యులు చేయవలసినది స్వల్పమే. వేపచెట్టు నీడలో కొంత నేల చదును చేయించి ఇసుక పోయింపుడు. చిన్నవి మొదలు పెద్దవి వరకు గుండ్లను సేకరించి, కాటాపై తూచి, వానిపై బరువు వ్రాయింపుడు. త్రాగునీటి కుండ నుంచుడు. బాలికలకు వేరు వేళ నిర్ణయింపుడు. పంట అమ్మునపుడు ఇంటివారికై ఒక బస్తా వేరుశనగ నిలుపుకొనుడని గ్రామసభలో చెప్పుడు. ఊరి యువత బలము ఊరి పంటతోనే పెరుగగలదు.