ఎల్ ప్లేటు తీసేశాక

బ్రిటన్‌లో కారు డ్రైవింగ్ టెస్టు దాదాపు 40 నిమిషాల వ్యవహారం. చిన్న తప్పులు 15 దాకా చేసినా పాసే, పెద్ద తప్పు ఒక్కటి చేస్తే ఫెయిలే. ఆ కాసేపట్లో మోటర్‌వే ఎక్కించరు. చీకట్లో నడిపించడం మామూలుగా ఉండదు. వెనక సీట్లో ముగ్గురు స్నేహితులు పాటలు పెట్టుకుని కేకలేస్తూ కూర్చోరు. జూన్‌లో పాసైన అమ్మాయికి అక్టోబరు ఆఖర్న గడియారాలు గంట వెనక్కి తిప్పాకే అసలు సంగతి తెలుస్తుంది. కాలేజీ అయ్యేసరికి చీకటి, పైన వాన, ఎదురుగా వచ్చే కార్ల లైట్లు నేరుగా కళ్లలోకి. పక్కన ఇన్‌స్ట్రక్టరు ఉండడు, ఆయన కాలి కింద ఉండే రెండో బ్రేకూ ఉండదు.

మరి పాసయ్యాక కూడా కొన్ని క్లాసులు పెట్టిస్తే మంచిది కదా అని తల్లిదండ్రులు అడుగుతుంటారు. దేనికైనా ట్యూషన్ పెట్టించే జాతి మనది, అడగడంలో వింతేమీ లేదు. జవాబు మాత్రం అంత సూటిగా లేదు.

ఇక్కడ పాస్ ప్లస్ అనే పథకం 1995 నుంచీ ఉంది. ఊళ్లో, ఊరి బయట, రకరకాల వాతావరణంలో, రాత్రిపూట, డ్యుయల్ క్యారేజ్‌వే మీద, మోటర్‌వే మీద నడపడం నేర్పుతారు. మొత్తం ఆరు భాగాలు, కనీసం 6 గంటలు. చివర పరీక్షంటూ ఉండదు, ఇన్‌స్ట్రక్టరుకు తృప్తి కలిగితే చాలు. ఇన్సూరెన్సు తగ్గుతుందన్న ఆశతోనే చాలామంది చేరేవారు. ఇప్పుడు ఆ తగ్గింపు అన్ని కంపెనీలూ ఇవ్వవు, డబ్బు కట్టకముందే కనుక్కోవడం మేలు. వేల్స్‌లో 17 నుంచి 25 ఏళ్ల వాళ్లకు కౌన్సిళ్లు రాయితీ మీద ఇలాంటి కోర్సే నడుపుతున్నాయి. 2018 జూన్ 4 నుంచి డ్యుయల్ కంట్రోల్స్ ఉన్న కారులో, గుర్తింపు పొందిన ఇన్‌స్ట్రక్టరుతో, లైసెన్సు రాకముందే మోటర్‌వే మీదికి వెళ్లొచ్చు. కాబట్టి ఆ ఒక్క పాఠం కోసం పాసయ్యేదాకా ఆగనక్కర్లేదు.

ఇక ఫలితాల మాట. వైద్య పరిశోధనలను జల్లెడపట్టే కొక్రేన్ సంస్థ ఈ విషయాన్నీ పరిశీలించింది. లైసెన్సు వచ్చాక ఇచ్చే శిక్షణ వల్ల ప్రమాదాలు తగ్గుతున్నాయనడానికి ఆధారం దొరకలేదని తేల్చింది. ఆ అధ్యయనాల్లో ఉన్నవాళ్లంతా కొత్త డ్రైవర్లు కారు, ఆ మాటా చెప్పుకోవాలి. నార్వే అనుభవం ఇంకా కంగారు పెడుతుంది. అక్కడ జారుడు రోడ్డు మీద కారును అదుపు చేయడం నేర్పే కోర్సును తప్పనిసరి చేశారు. తర్వాత 1980ల్లో లెక్క చూస్తే, కుర్రాళ్లకు జారుడు రోడ్ల మీద ప్రమాదాలు తగ్గకపోగా పెరిగాయి.

కారణం ఏమై ఉంటుందో స్వీడన్ పరిశోధకుడు నిల్స్ పెటర్ గ్రెగర్సన్ 1996లో ప్రచురించిన ప్రయోగం నుంచి ఊహించవచ్చు. నేర్చుకునేవాళ్లను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు జారే నేల మీద బ్రేకు వేసి తప్పించుకునే నేర్పు ఇచ్చారు. రెండో జట్టుకు అలాంటి చోట తమ అంచనాలు ఎలా తలకిందులవుతాయో అనుభవంలోకి తెచ్చారు. తర్వాత చూస్తే నడపడంలో రెండు జట్లకూ తేడా లేదు. మొదటి జట్టు మాత్రం తమకు చాలా వచ్చని నమ్మింది. పద్ధెనిమిదేళ్ల కుర్రాడికి ఆ నమ్మకాన్ని మనం డబ్బు కట్టి మరీ కొనిపెట్టాలా? స్కిడ్ చేయించి సరదా పంచే ‘ఒక్క రోజు’ కోర్సులంటే నాకు గురి లేకపోవడానికి కారణం ఇదే. ఆస్ట్రియా 2003లో తెచ్చిన పద్ధతి నయమనిపిస్తుంది. లైసెన్సు వచ్చిన ఏడాది లోపల కొన్ని నెలల ఎడంతో మళ్లీ ఇన్‌స్ట్రక్టరు పక్కన నడపాలి, ట్రాక్ మీద శిక్షణ పొందాలి, సైకాలజిస్టు నడిపే చర్చలోనూ కూర్చోవాలి.

హైదరాబాదులోనో విజయవాడలోనో పదేళ్లు నడిపి వచ్చినవాళ్ల సంగతి వేరు. ఇండియా లైసెన్సు మీద ఇక్కడ 12 నెలలు నడపొచ్చు, తర్వాత ప్రొవిజనల్ లైసెన్సు తీసుకుని టెస్టు పాసవ్వాల్సిందే. వీళ్లకు నడిపే నేర్పు సమస్య కాదు, పాత అలవాట్లే. మన దగ్గర ఎదుటివాడు లైటు కొట్టాడంటే ‘నేను వస్తున్నా, ఆగు’ అని. ఇక్కడ చాలామంది ‘నువ్వు పో’ అనడానికి కొడతారు. ఇక్కడి రోడ్డు నియమావళి హైవే కోడ్ ప్రకారం అది ‘నేనిక్కడున్నాను’ అని తెలపడానికే, మరి దేనికీ కాదు. ఇలాంటివి విడిపించడానికి, ఈ రోడ్లు తెలిసిన మనిషి పక్కన కూర్చున్న రెండు గంటలు నిజంగా అక్కరకొస్తాయి.

శిక్షణ కన్నా హద్దులకే బలం ఎక్కువన్నది న్యూజిలాండ్ దారి. 1987లోనే కొత్త డ్రైవర్లకు రాత్రి ప్రయాణాల మీద, వెంట ఎక్కించుకునే వాళ్ల మీద షరతులు పెట్టి, లైసెన్సును దశలవారీగా ఇవ్వడం మొదలుపెట్టింది. ఇంగ్లండ్‌లో అలాంటి షరతులు లేవు. ఉన్నదల్లా ఒక కత్తి: మొదటి రెండేళ్లలో 6 పెనాల్టీ పాయింట్లు పడితే లైసెన్సు రద్దు, థియరీ, ప్రాక్టికల్ రెండూ మళ్లీ మొదటి నుంచి. నడుపుతూ ఫోను చేతిలో పట్టుకుంటేనే 6 పాయింట్లు. అంటే ఒక్క మెసేజీతో సరి. చట్టం హద్దులు పెట్టదు కాబట్టి మొదటి ఆర్నెల్లు రాత్రి స్నేహితులను ఎక్కించుకోకూడదనే నియమం ఇంట్లోనే పెట్టుకోవాలి. గొడవవుతుంది, తప్పదు.

అదనపు క్లాసులకు డబ్బు పెట్టేట్టయితే ఆరు గంటలూ ఒకే వారంలో ముగించకండి. రెండు గంటలు పాసైన కొత్తలో, రెండు నవంబరు చీకట్లో తీసుకోండి. మిగతా రెండూ పల్లె దారులకు ఉంచండి. బ్రిటన్‌లో రోడ్డు మరణాల్లో ఎక్కువ భాగం పల్లె రోడ్ల మీదే. తెల్ల బిళ్ల మీద నల్ల అడ్డగీత బోర్డు కనిపిస్తే మధ్యలో విభజన లేని రోడ్డులో కారుకు 60 మైళ్ల దాకా అనుమతి. రెండు పక్కలా నిలువెత్తు కంచె పొదలు, ఒక్క కారు పట్టే వెడల్పు ఉన్నా బోర్డు మారదు. మలుపు తిరగ్గానే గుర్రం మీద మనిషి ఎదురు కావచ్చు. అక్కడ 10 మైళ్ల లోపుకి తగ్గించి, కనీసం 2 మీటర్ల దూరం వదిలి దాటాలి. ఆ మలుపు దగ్గర ఎంత వేగంతో వెళ్తావని, ఎందుకని పిల్లను ముందే నోటితో చెప్పించే ఇన్‌స్ట్రక్టరు దొరికితే, ఆ గంటకు ఫీజు కాస్త ఎక్కువైనా ఇవ్వండి.