ఫోన్ సరే, బీపీ తగ్గిందా?



తాడిపత్రిలో ఇప్పుడు ఇంటింటా ఫోన్ ఉంది. మరి అలాంటి పరికరాలతో బీపీ నిజంగా అదుపులోకి వస్తుందా?

పశ్చిమ గోదావరి జిల్లాలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, 54 గ్రామాల్లో పరీక్షించి చూశారు. ఆశా కార్యకర్తలు ట్యాబ్‌తో ఇళ్లకు వెళ్లి గుండెజబ్బు ముప్పు లెక్కగట్టి, ఎక్కువున్నవారిని డాక్టరు వద్దకు పంపారు. ఏ కేంద్రంలో ముందు మొదలుపెట్టాలో చీటీలు వేసినట్టు ఎంచారు. అప్పుడే పోలిక న్యాయంగా ఉంటుంది.

ఫలితం 2019లో వెలువడింది. ముప్పు ఎక్కువున్నవారిలో బీపీ అదుపులో ఉన్నది ట్యాబ్ వచ్చాక నూటికి 41 మందికి, రాకముందు 39 మందికి. తేడా లేనట్టే!

కాబట్టి మనం చూడవలసింది ఎన్ని సందేశాలు వచ్చాయని కాదు, బీపీ ఎంత ఉందని. ప్రతిసారీ చీటీలో అంకె రాయించుకోండి, పాతదానితో పోల్చండి. డాక్టరు చెప్పకుండా మాత్రలు మానకండి.