తుంబురుకోనకు కాలినడక

కొండదారిని నడచి జలపాతము క్రింద తల తడుపుకొను ముచ్చట పురుషులకే గాని స్త్రీలకు తగదని మన యిండ్లలో నిప్పటికిని కొందరు తలంచుచుందురు. "ఇంటిపనికే కాళ్ళు లాగుచున్నవి, ఇంక కొండ లెక్కడ?" అని మన సోదరీమణులును నవ్వి యూరకుందురు. ఆ మాట యెంతవరకు నిజమో, కొండదారి పట్టు స్త్రీ యేమి తెలిసికొని బయలుదేరవలెనో, మేము పోయివచ్చిన యొక దారిని గూర్చి చెప్పుచు విన్నవించెదను.

మాది తిరువూరు. మామిడితోటల సీమ. పేరుపడిన పెద్దకొండలు మాకు లేవు. వానకాలమున కట్టలేరు పొంగినపుడే నీటి వేగమెట్టిదో మాకు తెలియును. మా యూరికి రైలుబండియు రాదు. విజయవాడదాక బస్సులో పోయి, అచ్చట రైలెక్కి తిరుపతి చేరితిమి. మే మెంచుకొన్నది తిరుమలకొండల నడుమనున్న తుంబురుతీర్థము.

హిమాలయములందును, ఐరోపాలోని ఆల్ప్సు పర్వతములందును ఉండు కొండసరస్సు లనేకము పూర్వము మంచుగడ్డలు నేలను దొలిచిన పల్లములలో నేర్పడినవి. మన తెలుగుకొండలకు మంచు లేదు. ఇచ్చట నా పనిని వానయు రాయియు కలిసి చేయుచున్నవి. శేషాచలమున పైపొర క్వార్ట్జైటు అను గట్టిరాయి, దాని యడుగున గ్రానైటు. ఈ రెండు పొరల వయస్సుల మధ్య సుమారు 80 కోట్ల సంవత్సరముల యెడమున్నదని భూగర్భశాస్త్రజ్ఞులు లెక్కకట్టిరి. పైరాయి నిండ నెఱ్ఱెలు. ఆ నెఱ్ఱెలలో నింకిన వాననీరు మెల్లమెల్లగా కోనలలోనికి ఊటలై దిగును. ఈ సీమకు ఈశాన్య ఋతుపవనమే ముఖ్యమైన వాన నిచ్చును గనుక, కార్తికము దాటిన పిమ్మటను సెలయేళ్ళు పారుచునే యుండును. సముద్రమట్టమునకు సుమారు 2,800 అడుగుల యెత్తుననున్న తిరుమలలో పాపవినాశనము, గోగర్భము, కుమారధార, పసుపుధార అను జలాశయములు ఈ నీటినే నిలువజేయుచున్నవి.

ఈ యడవి 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయోద్యానమయ్యెను. 2010లో శేషాచలమును జీవావరణ పరిరక్షణ ప్రాంతముగా ప్రకటించిరి. తూర్పుకనుమల దక్షిణభాగమున దప్ప మరెచ్చటను సహజముగా పెరుగని యెఱ్ఱచందన మిచ్చట నున్నది. తడిబండల సందులలో బంగారువన్నె బల్లులు, రాత్రివేళ చెట్లపై తిరుగు దేవాంగపిల్లులు, చిఱుతపులులు, ఏనుగులు ఈ యడవిలో కలవు. కావుననే యేడాది పొడుగునను ఇష్టము వచ్చినట్లు ఈ దారుల పోరాదు. పుష్యమాసమున రామకృష్ణతీర్థ ముక్కోటి, మాఘమున కుమారధార ముక్కోటి, ఫాల్గుణ పూర్ణిమకు తుంబురుతీర్థ ముక్కోటి జరుగును. అట్టి దినములలో దేవస్థానమువారును అటవీశాఖవారును దారి తెఱచి, అన్నము, మంచినీరు, వైద్యసహాయము నేర్పాటు చేయుదురు.

తుంబురుని కథ మన స్త్రీలకు కొంత నవ్వు పుట్టించును. మాఘమున తెల్లవాఱక మునుపే చన్నీటి స్నానమునకు రానన్న భార్యను ఆ గంధర్వుడు కప్పవు కమ్మని శపించెనట. అగస్త్యమహర్షి యీ తీర్థ మహిమను చెప్పగా విని యామె విముక్తి నొందెనని పురాణము. "మాఘమాసపు చలిలో ఎవరికి మాత్రము లేవబుద్ధి యగును?" అని మా అత్తగారు ఆ కప్పపై మిక్కిలి జాలిపడిరి.

ఇంతకంటె మనకు దగ్గఱ కథ తరిగొండ వెంగమాంబది. 1730లో పుట్టి 1817లో పరమపదించిన యా కవయిత్రి చిన్ననాటనే భర్తను గోలుపోయినది. వితంతువులకు లోకము విధించిన యాచారములకు లోబడక తిరుమల చేరినది. అచ్చటను నెమ్మది చిక్కక, కొన్నేండ్లు తుంబురుకోన గుహలో తపస్సు చేసినదని చెప్పుదురు. దారియు దీపమును లేని కాలమున నొక స్త్రీ యొంటరిగా నున్న కోన యది! నేడు తిరుమలలో వేలమంది భుజించు అన్నప్రసాద భవనము ఆమె పేరనే యున్నది.

రెండేండ్ల క్రిందట మేము మొదటిసారి పోయితిమి. అత్తగారికి అఱువదియైదేండ్లు. వృద్ధులు, గుండెజబ్బు, ఉబ్బసము గలవారు రావలదని ముందుగనే హెచ్చరించియుండిరి. కాని ఆమె ప్రతిదినము తోటకు నడచువారగుటచే మేము దానిని లక్ష్యపెట్టలేదు. పాపవినాశనమునుండి కోనకు సుమారు నాలుగు మైళ్ళు. సగముదారిలో నామె యొక బండపై కూర్చుండిరి. ముఖమున చెమట, పెదవులపై తెలుపు.

"అమ్మాయీ, నన్నిక్కడ కూర్చుండబెట్టి మీరు పొండి. వచ్చునపుడు పిలుచుకొని పోదురుగాని," అనిరి.

మావారును, మఱదియు కొంతసేపు తటపటాయించిరి. ఇంతదూరము వచ్చితిమి, ఇంక సగమే గదా యని వారి మాట. నాకును కోన చూడవలెనని ప్రాణము కొట్టుకొనుచుండెను. అయినను, "అత్తయ్యగారూ, మిమ్ము విడిచి పోము. కోన వచ్చే యేడును ఇక్కడనే యుండును," అంటిని. ఆమె చేయిపట్టుకొని వెనుకకు తిరిగితిని. వైద్యశిబిరమున పరీక్షింపగా రక్తపుపోటు మిక్కిలి హెచ్చియుండెను. విచారింపగా తెలిసినదేమనగా, తీర్థయాత్రకని రెండుదినములుగా ఉపవాసముండి, "పరగడుపున మందేల?" యని పోటుమాత్ర మానివైచిరట! మాతో నొక్కమాటయు చెప్పలేదు. నేనును అడుగలేదు. ఆ తప్పు సగము నాది.

సోదరీమణులారా, మన యిండ్లలో పెద్దవారు ఉపవాసపు పేర మందు మానుట తఱచు జరుగుచున్నది. యాత్రకు ముందు మూట గట్టునపుడు పసుపుకుంకుమలతోపాటు మందులపెట్టెను చూడుడు. వైద్యుని అడిగి గాని ఉపవాసము పెట్టవలదు. నడుమ ఆయాసము, ఱొమ్మునొప్పి, కన్నులు తిరుగుట కలిగినచో నచ్చటనే నిలిచి, సహాయమడిగి, వెనుకకు రావలెను. వెనుకకు తిరుగుట యోటమి కాదు.

మఱుసటి యేడు నేను ముందే సిద్ధపడితిని. రెండు నెలలు తెల్లవాఱుజామున తోటలవెంట నడచితిని. వారమునకు మూడుదినములు మేడమెట్లు పదిసార్లెక్కి దిగితిని. 1892లో నైస్మితను స్కాట్లండు దేశీయుడు కొండనడకకు చెప్పిన లెక్క యొకటి కలదు: మూడు మైళ్ళకొక గంట, ఎక్కవలసిన ప్రతి 2,000 అడుగులకు మఱియొక గంట. అది వడిగా నడచువారి లెక్క. పిల్లలతోను, మూటలతోను పోవు మనవంటివారు దానిని రెట్టించుకొనిన క్షేమము. కోనలోనికి పోవునపుడు దిగుట, అలసిన పిమ్మట ఎక్కుట గనుక, సగము బలమును తిరుగుదారికి దాచుకొనవలెను.

ఈసారి అత్తగారు తామే తిరుమలలో నిలిచిపోయి, "నీవు చూచివచ్చి నాకు చెప్పుము," అనిరి. తెల్లవాఱుచుండగా బయలుదేరితిమి. మొదట చెట్లనీడ, ఎండుటాకుల చప్పుడు. పిమ్మట బండలు, ఏటవాలు దారులు, చేతులూని దిగవలసిన తావులు. ఎఱుగని స్త్రీ లొకరికొకరు చేయి యందించుచుండిరి. కట్టకడపట నిరువైపుల గోడలవలె లేచిన బండల నడుమ ఇఱుకైన సందు. మోకాటిలోతు నీటిలో నడువవలెను. పైన ఆకసము సన్నని పట్టెవలె కనబడును. ఆ చివర రాతిపైనుండి నీరు జాలువాఱుచుండెను. తల దానిక్రింద బెట్టగానే నాలుగు మైళ్ళ యలసటయు మఱచితిని. వెంగమాంబ యిచ్చట నెట్లు దినములు గడపెనో యని తలచి యొడలు గగుర్పొడిచెను.

పోదలచినవారికి కొన్ని మాటలు. అడుగు జాఱని రబ్బరు జోళ్ళు తొడుగుడు. చీర యైనచో కుచ్చెళ్ళు పైకి దోపుకొనుడు. మనిషికి రెండు లీటర్ల నీరుండవలెను. బెల్లము, పులిహోర చాలును. విరేచనములైనచో లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆఱు చెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు కలిపి కొంచెము కొంచెముగా త్రాగవలెను. ఫాల్గుణమున ఆకులెండి యుండును గనుక అగ్గిపెట్టె, కర్పూరము కొనిపోవలదు. ఒక్క నిప్పురవ్వ కొండనంతయు కాల్చును. కాగితము, ప్లాస్టికు పారవేయవలదు. పిల్లలను ముందుకు పరుగెత్తనీయవలదు. 2023 ఆగస్టులో అలిపిరి మెట్లదారిలో ఆఱేండ్ల పసిబిడ్డ చిఱుతవాత బడి మరణించినది. సందెవేళకు ముందే మనుష్యులలోనికి చేరుట నియమముగా పెట్టుకొనుడు. ఇంత నడువజాలనివారు తలకోన చూడవచ్చును. సుమారు 270 అడుగులనుండి దుముకు నా జలపాతము ఈ కొండలలోనిదే.

సాయంకాలము చిన్న చెంబులో తెచ్చిన తీర్థమును అత్తగారి చేతిలో పోసితిని. ఆమె తలపై చల్లుకొని, దారి యంతయు అడిగి అడిగి చెప్పించుకొనిరి. ఏ బండ వద్ద తాము కూర్చుండిరో అది యున్నదా యని యడిగిరి. ఉన్నదంటిని. చీరచెఱగు ముడి విప్పి, ఆ ఉదయపు మాత్ర వేసికొన్న ఖాళీ రేకును నాకు చూపిరి.

"ఇదిగో, ఈ యేడు నేను తప్పు చేయలేదు," అని నవ్విరి.