మణికట్టు చెంతనున్న లోవాకిలి

క్రీ. శ. 1027వ సంవత్సరమున చీనా దేశమందలి కైఫెంగ్ నగరమున రెండు కంచు విగ్రహములు పోతపోయబడినవి. అవి దేవతల విగ్రహములు కావు, రాజుల విగ్రహములును కావు. వైద్యవిద్యార్థుల కొరకు నిర్మింపబడిన మనుష్యాకృతులు. నాటి చక్రవర్తి యాజ్ఞ ననుసరించి వాంగ్ వెయ్‌యీ అను వైద్యుడు వానిని చేయించెను. ఆ విగ్రహముల మేనిపై అక్కడక్కడ సన్నని రంధ్రము లుండెడివి. పరీక్షాసమయమున గురువులు విగ్రహమునకు మైనము పూసి రంధ్రములను కప్పి, లోపల నీరు నింపెడివారని చెప్పుదురు. విద్యార్థి సూదిని సరియైన చోట గ్రుచ్చినచో నీరు బొట్లుగ వెలికి వచ్చును. వెండ్రుకవాసి తప్పినను సూది కంచునకు తగిలి ఆగిపోవును.

ఇంత నిశితముగ నేర్చుకొనవలసిన ఆ చోట్లు ఏవి? చీనా ప్రాచీన వైద్యము ప్రకారము మనుష్యదేహమున ‘చీ’ అను ప్రాణశక్తి కొన్ని నియతమార్గములలో ప్రవహించుచుండును. ఆ ప్రవాహము సక్రమముగ నున్నచో ఆరోగ్యము. ఎచ్చటనైన అడ్డుపడినను, ఎదురు తిరిగినను వ్యాధి. ఆ మార్గములపై నున్న బిందువులకడ సూది గ్రుచ్చి ప్రవాహమును చక్కదిద్దుట ఆక్యుపంక్చర్. సూది లేకుండ వ్రేలితో నొక్కుట ఆక్యుప్రెషర్. సుమారు రెండువేల యేండ్లనాటి ‘హువాంగ్‌డీ నెయ్‌జింగ్’ అను గ్రంథమున ఈ సిద్ధాంతము వివరింపబడినది. 2008వ సంవత్సరమున ప్రపంచ ఆరోగ్య సంస్థ 361 బిందువుల స్థానములను నిర్ణయించి ఒక గ్రంథమును ప్రకటించినది. సూది వేయుటకు శిక్షణ పొందిన వైద్యుడు కావలెను. వ్రేలితో నొక్కుట మాత్రము ఎవరికి వారు చేసికొనదగిన పని.

అట్లు నొక్కదగిన బిందువులలో ‘నెయ్‌గ్వాన్’ ఒకటి. ‘నెయ్’ అనగా లోపల. ‘గ్వాన్’ అనగా దేశపు సరిహద్దున రాకపోకలను కనిపెట్టు కావలి వాకిలి. కావున దానిని మనము ‘లోవాకిలి’ అనవచ్చును. ఇది ముంజేతి లోపలివైపున, మణికట్టునకు కొంచెము పైన నుండును. కడుపులోని శక్తి స్వభావముచే క్రిందికి దిగవలెననియు, అది ఎదురు తిరిగి పైకెగసినపుడు వికారమును వాంతియు కలుగుననియు చీనా వైద్యుల మతము. అట్లు పైకెగసిన దానిని ఈ వాకిలికడ శాంతింపజేయవచ్చునని వారు చెప్పుదురు. అందుచే బస్సులోను ఓడలోను ప్రయాణము చేయునపుడు కడుపు త్రిప్పువారు దీనిని నొక్కుకొనుచుందురు.

దీనిని కనుగొను విధము కష్టమైనది కాదు. అరచేయి పైకి వచ్చునట్లు ఎడమచేతిని చాపవలెను. అరచేయియు ముంజేయియు కలియు చోట అడ్డముగ ఒక ముడుత కనబడును. కుడిచేతి చూపుడువ్రేలు, నడిమివ్రేలు, ఉంగరపువ్రేలు మూడింటిని చేర్చి, ఉంగరపువ్రేలు ఆ ముడుతను తాకునట్లు ముంజేతిపై అడ్డముగ నుంచవలెను. పిదప ఎడమ పిడికిలిని కొంచెము బిగించినచో ముంజేతి నడుమ రెండు స్నాయువులు త్రాళ్లవలె పైకి తేలును. వాని మధ్య, చూపుడువ్రేలి అంచు తగిలిన చోటు నెయ్‌గ్వాన్. కొందరికి ఒక స్నాయువే కనబడును. అట్టివారు ముంజేతి నడుమ చోటును గురుతుగ తీసికొనవలెను. పిడికిలి వదలి, బొటనవ్రేలితో ఆ చోటును గట్టిగ, కాని నొప్పి పుట్టకుండునట్లు, రెండు మూడు నిమిషములు నొక్కవలెను. ఊపిరి నెమ్మదిగ తీయవలెను. తరువాత రెండవ చేతికిని అట్లే చేయవలెను. గాయముగాని వాపుగాని ఉన్న చోట నొక్కరాదు.

ఇందు కొలత విషయమున ఒక విశేషము కలదు. చీనా వైద్యుల కొలతకు ‘త్సున్’ అని పేరు. బొటనవ్రేలి కణుపు వెడల్పు ఒక త్సున్. చెప్పిన మూడువ్రేళ్ల వెడల్పు రెండు త్సున్‌లు. అయితే ఆ వ్రేళ్లు ఎవరివి? రోగివే కావలెను. తల్లి తన వ్రేళ్లతో కొలిచి బిడ్డ చేతిని నొక్కినచో గురి తప్పును. బిడ్డ వ్రేళ్లతోనే కొలువవలెను. మన ఆయుర్వేదమునను మనుష్యుని దేహమును అతని అంగుళముతోనే కొలుచు పద్ధతి కలదు. ఎవరి దేహమునకు వారి వ్రేలే కొలబద్ద.

ఈ వైద్యము నిజముగ పనిచేయునా? ప్రాచీనమైనంత మాత్రమున ఏ మాటయు సత్యము కాజాలదు. 1986వ సంవత్సరమున బెల్‌ఫాస్ట్ నగరమునందలి డండీ అను మత్తువైద్యుడు శస్త్రచికిత్సానంతరము కలుగు వాంతులపై ఈ బిందువును పరీక్షించి, ఫలితములను ప్రకటించెను. పిదప అనేక దేశములలో ఇట్టి పరీక్షలు జరిగినవి. రోగులను రెండు జట్లుగ విభజించి, ఒక జట్టునకు సరియైన చోటను, రెండవ జట్టునకు మరియొక చోటను నొక్కి, ఏది సరియైనదో వారికి తెలుపకుండ ఫలితములను పోల్చిచూచుట వీనిలో ఒక పద్ధతి. అట్టి 59 పరీక్షలను కాక్రేన్ సంస్థవారు 2015లో కలిపి పరిశీలించిరి. సరియైన బిందువునకు చికిత్స జరిగినవారిలో వికారమును వాంతులును తక్కువగ నుండెనని తేలినది. ప్రయాణమున కలుగు వికారము విషయమున మాత్రము ఫలితములు ఏకముఖముగ లేవు: కొన్ని పరీక్షలలో మేలు కనబడినది, కొన్నింట కనబడలేదు.

కారణమేమన్న ప్రశ్నకు నేటి శాస్త్రజ్ఞులు ‘చీ’ని సమాధానముగ అంగీకరింపరు. దేహమును కోసి చూచినవారికి అట్టి మార్గములు కానరాలేదు. కాని సరిగ ఆ బిందువు క్రింద చేతి ముఖ్యనాడులలో నొకటి సాగిపోవుచున్నది. నొక్కిన స్పర్శ ఆ నాడిద్వారా మెదడునకు చేరి, వాంతిని పుట్టించు ప్రేరణను తగ్గించునేమో యని వారు పరిశోధించుచున్నారు.

ఇక అన్నింటికంటె ముఖ్యమైన మాట. లోవాకిలి చిన్న బాధలకు తోడు. వైద్యునకు ప్రత్యామ్నాయము కాదు. చీనా వైద్యులు దీనిని గుండెదడకును వాడుదురు. ఆ మాట విని, ఱొమ్మున నొప్పి పుట్టినవాడు మణికట్టు నొక్కుకొనుచు ఇంట కూర్చున్నచో ప్రాణమునకే ముప్పు వాటిల్లును. తలకు దెబ్బ తగిలిన పిదప వాంతి యైనను, వాంతిలో నెత్తురు కనబడినను, ఎంతసేపటికిని వాంతులు నిలువకున్నను ఒక్క నిమిషమైన జాగు చేయక వైద్యశాలకు పోవలెను.

కంచు విగ్రహము కడ విద్యార్థి పొరబడినచో సూది యొక్కటియే వంగును. గురువు మందలించి మరల నేర్పును. ప్రాణమున్న దేహము కడ పొరబాటు అంత చౌక కాదు. కావున ఎక్కడ నొక్కవలెనో నేర్చినవాడు, ఎప్పుడు నొక్కుట మాని వైద్యుని కడకు పరుగెత్తవలెనో గూడ నేర్చియుండవలెను.