శంషాబాద్‌లో బ్యాంక్ వేలం ఇల్లు: నిజంగా చౌకగా వస్తోందా, చౌకగా కనిపిస్తోందా?

ఈ ఎపిసోడ్ టాపిక్ మీలో చాలామంది అడిగిందే. "అన్నా, శంషాబాద్‌లో బ్యాంక్ వేలంలో ఒక ఇల్లు చూశాను. మార్కెట్ రేటు కంటే పదిహేను, ఇరవై లక్షలు తక్కువ చూపిస్తోంది. కొని, రిపేర్ చేయించుకుని ఉండొచ్చా?"

ఉండొచ్చు. కానీ ఒక విషయం ముందే చెప్తాను. ఆ తగ్గింపు బ్యాంక్ మీకు ఇచ్చే డిస్కౌంట్ కాదు. బ్యాంక్ చేయకుండా వదిలేసిన పనులు మీరు చేసుకుంటున్నందుకు ఇచ్చే కూలి. ఆ పనులేంటో, వాటికి ఎంత అవుతుందో వేలానికి ముందే లెక్కేసుకున్నవాళ్లకే ఇది లాభం. ఈ రోజు ఆ లెక్కే చేద్దాం.

ఇల్లు వేలానికి ఎలా వస్తుంది?

2008 మార్చిలో ఎయిర్‌పోర్ట్ బేగంపేట నుంచి శంషాబాద్‌కి వచ్చింది. మరుసటి ఏడాది పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే తెరిచారు. పక్కనే ఔటర్ రింగ్ రోడ్. కార్గోలో పనిచేసేవాళ్లు, క్యాబ్ నడిపేవాళ్లు, గ్రౌండ్ స్టాఫ్, హోటల్ స్టాఫ్, ఇలా చాలామంది బతుకు విమానాలతో ముడిపడింది. 2020లో మార్చి చివరి నుంచి మే చివరి దాకా దేశంలో ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి, గుర్తుందిగా? అలాంటి ఒక్క దెబ్బ చాలు, ఒక ఇంట్లో ఈఎంఐ ఆగిపోవడానికి.

90 రోజులు కట్టకపోతే ఆ లోన్ ఎన్‌పీఏ అవుతుంది. అప్పుడు బ్యాంక్ 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు ఇస్తుంది. అప్పటికీ కట్టకపోతే, సివిల్ కోర్టులో దావా వేయకుండానే ఇంటిని స్వాధీనం చేసుకుని అమ్మొచ్చు. మొదటిసారి అమ్మేటప్పుడు 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. రెండు పేపర్లలో వేయాలి, అందులో ఒకటి స్థానిక భాషలో ఉండాలి. తెలుగు పేపర్లలో చిన్న అక్షరాలతో నిండిపోయి కనిపించే ప్రకటనలు ఇవే.

ప్రభుత్వ బ్యాంకుల ఆస్తుల కోసం బ్యాంక్‌నెట్ అనే పోర్టల్ ఉంది. 2025 జనవరిలో కొత్త రూపంలో వచ్చింది. ప్రైవేట్ బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలైతే వాళ్ల సొంత సైట్లలో కూడా పెడతాయి. వాట్సాప్‌లో ఎవరో "వేలం ఇల్లు, బ్యాంక్‌లో మనవాళ్లున్నారు" అంటే నమ్మొద్దు. నోటీసులో రాసిన పద్ధతిలో తప్ప వేరే ఏ అకౌంట్‌కీ ఒక్క రూపాయి పంపొద్దు.

డబ్బు టైమ్ టేబుల్

పరేషాన్ అయ్యేది ఇక్కడే. మామూలుగా ఇల్లు కొంటే అడ్వాన్స్ ఇస్తాం, రెండు మూడు నెలల్లో లోన్ చూసుకుంటాం. వేలంలో అలా కుదరదు.

ఉదాహరణకి రిజర్వ్ ధర 40 లక్షలు అనుకుందాం. పాల్గొనాలంటే ముందే ధరావతు కట్టాలి. దీన్నే ఈఎండీ అంటారు. సాధారణంగా 10 శాతం, అంటే 4 లక్షలు. మీరు పాట 44 లక్షలకు గెలిచారు. అదే రోజు, లేదా ఆలస్యమైతే మరుసటి పని దినం లోపు, మొత్తంలో 25 శాతం పూర్తి చేయాలి. అంటే 11 లక్షలు. 4 లక్షలు ఆల్రెడీ కట్టారు కాబట్టి ఇంకో 7 లక్షలు ఒక్క రోజులో కావాలి. మిగతా 33 లక్షలు, అమ్మకం ఖరారైన 15 రోజుల్లో కట్టాలి. బ్యాంక్ రాతపూర్వకంగా ఒప్పుకుంటే గరిష్ఠంగా మూడు నెలల దాకా గడువు దొరకొచ్చు.

కట్టలేకపోతే? ఆ 11 లక్షలు పోతాయి. "ఏదో కొంత కోసుకుని మిగతాది ఇస్తారులే" అనుకోకండి. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇలాంటి కేసులో తీర్పు ఇచ్చింది. గెలిచినాయన మిగతా డబ్బు గడువులోపు కట్టలేకపోయాడు. ఆయన కట్టిన 25 శాతం, మూడు కోట్ల పైన, మొత్తం బ్యాంక్ జప్తు చేసుకోవడం సరైనదే అని చెప్పింది. అందుకే లోన్ మీద ఆధారపడేవాళ్లు వేలానికి ముందే, ఆ నోటీసు చూపించి, ఆ ఇంటికి లోన్ ఇస్తారో లేదో అడిగి శాంక్షన్ దాకా వెళ్లాలి. గెలిచాక అడుగుదాం అంటే టైమ్ ఉండదు.

తాళం ఎవరి చేతిలో ఉంది?

నోటీసులో రెండు మాటల్లో ఒకటి ఉంటుంది: ఫిజికల్ పొజెషన్ లేదా సింబాలిక్ పొజెషన్. ఫిజికల్ అంటే ఇల్లు ఖాళీ, తాళం బ్యాంక్ దగ్గరుంది. సింబాలిక్ అంటే గోడకు నోటీసు అంటించారు, లోపల మనుషులు ఉన్నారు.

సింబాలిక్ ఇల్లు చౌకగా కనిపించడానికి అసలు కారణం ఇదే. వాళ్లను ఖాళీ చేయించాలంటే బ్యాంకే సెక్షన్ 14 కింద జిల్లా మేజిస్ట్రేట్ దగ్గర, అంటే మన దగ్గర రంగారెడ్డి కలెక్టర్ దగ్గర, లేదా చట్టంలో చెప్పిన మేజిస్ట్రేట్ కోర్టులో దరఖాస్తు పెట్టాలి. ఆర్డర్‌కి చట్టం చెప్పిన గడువు 30 రోజులు, పొడిగిస్తే 60. వాస్తవంలో ఇంకా లాగుతుంది. మీరు వెళ్లి తాళం పగలగొట్టకూడదు, కరెంటు తీయించకూడదు. అది నేరం కిందకి వస్తుంది.

లోపల ఉన్నది అద్దెకున్నవాళ్లైతే ఇంకో కోణం ఉంది. లోన్ కంటే ముందే సరైన లీజు ఉంటే వాళ్లకు రక్షణ ఉండొచ్చు. 2016లో సుప్రీంకోర్టు, అద్దెదారుల హక్కుల్ని సర్ఫేసీ చట్టంతో తుడిచేయలేరు అంది. కాబట్టి లోపల ఎవరున్నారు, ఎప్పటి నుంచి, ఏ కాగితం మీద అన్నది అడిగి తెలుసుకోండి.

పాత ఓనర్ కూడా బ్యాంక్ చర్య మీద డీఆర్‌టీకి, అంటే అప్పుల వసూలు ట్రైబ్యునల్‌కి, 45 రోజుల్లోపు వెళ్లొచ్చు. ఓనర్ పేరు కొట్టి డీఆర్‌టీ వెబ్‌సైట్‌లో కేసు ఉందేమో వెతకండి. ఫోన్‌లోనే అయిపోయే పని. స్టే ఉన్న ఇంట్లో టైల్స్ వేయించడం అంటే వేరేవాళ్ల ఇంటికి మన డబ్బుతో సోకు చేయడమే.

శంషాబాద్‌లో స్పెషల్‌గా చూడాల్సినవి

ఒకటి, ఎత్తు. ఎయిర్‌పోర్ట్ చుట్టూ కట్టడాల ఎత్తుకి ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ పరిమితులు ఉన్నాయి. "కొని పైన ఇంకో ఫ్లోర్ వేస్తాను, అద్దెతో ఈఎంఐ కట్టేస్తాను" అనే ప్లాన్ ఉంటే ముందు అది తేల్చుకోండి.

రెండు, జీవో 111. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువుల రక్షణ కోసం 1996లో 84 గ్రామాల్లో కట్టడాల మీద ఆంక్షలు పెట్టారు. శంషాబాద్ మండలంలో చాలా ఊళ్లు అందులో ఉన్నాయి. 2022లో జీవో 69తో సడలింపు ఇచ్చారు. కానీ మీరు చూస్తున్న ఇల్లు కట్టిన రోజున దానికి పర్మిషన్ ఉందా అన్నదే ప్రశ్న. ప్లాన్‌లో రెండు ఫ్లోర్లు ఉండి, అక్కడ మూడు కనిపిస్తే, ఆ మూడోది మీకు ఆస్తి కాదు, తలనొప్పి.

మూడు, బకాయిలు. నోటీసులో "ఉన్నది ఉన్నట్టుగా" అమ్ముతున్నాం అని రాస్తారు. ఇంటి పన్ను, నల్లా బిల్లు, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్, కరెంటు బిల్లు అన్నీ అందులోకి రావచ్చు. పాత కరెంటు బాకీని కొత్తగా కొన్నవాళ్ల నుంచి అడిగే వీలు నిబంధనల్లో ఉంటే అడగొచ్చని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. మీటర్ నంబర్ రాసుకుని బిల్లు ఎంతుందో చూడండి. ఈసీ తీయించండి. లింక్ డాక్యుమెంట్లు లాయర్‌కి చూపించండి.

మేస్త్రిని తీసుకెళ్లండి

నోటీసులో ఇల్లు చూసే తేదీ ఇస్తారు. ఒంటరిగా వెళ్లొద్దు, మంచి మేస్త్రితో వెళ్లండి. రెండేళ్లు మూసి ఉన్న ఇల్లు బయటికి బాగానే కనిపిస్తుంది. స్లాబ్ కింద పెచ్చులు ఊడి చువ్వలు తేలాయా, గోడల్లో తడి ఉందా, తలుపులకు చెదలు పట్టాయా, బోరు మోటార్ పనిచేస్తోందా, సంపు పగిలిందా, వైర్లు పీక్కుపోయారా, ఇవన్నీ చూడండి. రంగులు, టైల్స్ ఎప్పుడైనా వేసుకోవచ్చు. స్లాబ్, నీళ్లు, వైరింగ్, డ్రైనేజీ, ఈ నాలుగే ఖర్చుని తేలుస్తాయి.

ఇప్పుడు మొత్తం కూడదాం

మన ఉదాహరణే తీసుకుందాం. పాట 44 లక్షలు. తెలంగాణలో 2021 జూలైలో పెంచిన రేటు ప్రకారం రిజిస్ట్రేషన్ ఖర్చు 7.5 శాతం, అంటే 3 లక్షల 30 వేలు. బకాయిలు ఒక లక్ష. రిపేర్లు 8 లక్షలు. ఇల్లు చేతికొచ్చి, పని పూర్తయ్యేదాకా ఆరు నెలలు మీరు కట్టే అద్దె, నెలకి 15 వేల చొప్పున 90 వేలు. మొత్తం 57 లక్షల 20 వేలు.

అదే వీధిలో, అలాంటిదే బాగున్న ఇల్లు 60 లక్షలకు దొరుకుతుందనుకోండి. 16 లక్షలు మిగులుతుందనుకున్నది 2 లక్షల 80 వేలకి వచ్చింది. ఒక కేసు పడితే అదీ ఉండదు. అందుకే వేలానికి ముందు ఈ లెక్కని వెనక నుంచి చేయండి. 60లోంచి ఖర్చులు తీసేయండి, మీ రిస్క్‌కి ఒక ఐదారు లక్షలు తీసేయండి. వచ్చిన నంబర్ కాగితం మీద రాసి పెట్టుకోండి. పాటలో ఆ నంబర్ దాటితే లాగ్ అవుట్ అయిపోండి. "ఇంకో పాతిక వేలే కదా" అనే మాటే చాలామందిని ముంచుతుంది.

చివరిగా ఒక మాట. ఆ ఇల్లు ఎవరో ఒకళ్లు ఇలాగే ఆశపడి కట్టుకున్నది. మీరు వాళ్లకు చేసిన అన్యాయం ఏమీ లేదు, అప్పు లెక్క వాళ్లకీ బ్యాంక్‌కీ మధ్యది. కానీ సామాన్లు తీసుకోవడానికి వస్తే మర్యాదగా మాట్లాడండి, బ్యాంక్ ఆఫీసర్ ముందు తీసుకెళ్లనివ్వండి. రేపు ఆ వీధిలో, ఆ పక్కింటివాళ్ల మధ్య ఉండాల్సింది మీరే.

మొదటి ఇల్లు కొంటున్నవాళ్లకి నా సలహా ఇదే: ఫిజికల్ పొజెషన్ ఉన్నది, కేసు లేనిది, ప్లాన్ ప్రకారం కట్టినది, ఈ మూడూ కుదిరితేనే ముందుకెళ్లండి. ఒక్కటి తక్కువైనా వదిలేయండి. వేలం నోటీసులు వస్తూనే ఉంటాయి, మీ 11 లక్షలు మాత్రం మళ్లీ రావు. వచ్చే ఎపిసోడ్‌లో ఈసీ ఎలా చదవాలో లైన్ బై లైన్ చూద్దాం. ఉంటాను మరి.