పిలిస్తే పలికే పేర్లు

కొత్తగూడ కూడలి నుంచి హైటెక్ సిటీ వైపు సాగితే సైబర్ టవర్సు వస్తుంది. 1998లో అది వెలిసింది మొదలు చుట్టూ మేడల మీద మేడలు లేచాయి. అక్కడ ఉద్యోగం చేసే కుర్రవాణ్ణి "రోజంతా ఏం చేస్తావు నాయనా?" అని తల్లి అడిగితే, "ఈవెంట్లు చూస్తానమ్మా" అంటాడు. ఆమెకు ఈవెంటంటే పెళ్ళి, పేరంటం. ఆమె అనుకున్నది మరీ తప్పేమీ కాదు.

పెళ్ళిపందిట్లో సన్నాయివారిని చూడండి. ఒక మూల తాంబూలం నములుతూ కూర్చుంటారు. పురోహితులవారు చెయ్యెత్తి "గట్టిమేళం" అన్నారో లేదో, డోలు మోగిపోతుంది. ముహూర్తం లెక్క వారికి అక్కరలేదు. ఆ మాట చెవిన పడితే చాలు. కంప్యూటరులోనూ ఇదే వరస. మీట నొక్కడం, అక్షరం కొట్టడం, పుట తెర మీదికి రావడం, ఇవన్నీ ఈవెంట్లే. అది జరిగినప్పుడు ఇది చెయ్యమని ముందే పురమాయించి కూర్చోబెట్టిన పనివాడు హ్యాండ్లరు. ఆ పురమాయింపులను సులువు చేసే సరంజామా పెట్టె లైబ్రరీ అన్నమాట.

చిక్కంతా పేర్లతోనే. 1995లో నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ పుట్టించిన జావాస్క్రిప్టులో "క్లిక్" అనే పేరులో ఒక అక్షరం జారిందనుకోండి. యంత్రం తప్పని చెప్పదు. ఆ తప్పుడు పేరుతోనే పిలుపు వస్తుందేమోనని కాచుకుని కూర్చుంటుంది! అవతల రైలు టిక్కెట్టు కొనబోయినవాడు ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు. ఇవతల కుర్రవాడికి అర్ధరాత్రి దాకా వెతుకులాట.

పనివాణ్ణి మానిపించడం మరో తంటా. పేరు పెట్టి ఉంచుకున్నవాణ్ణి రెండోసారి పెట్టబోతే యంత్రం పట్టించుకోదు, వద్దంటే పంపించేస్తుంది. అనామకుణ్ణి పెడితే మాత్రం, అచ్చంగా అలాంటివాణ్ణే మరొకణ్ణి చూపి "ఇతణ్ణి తీసెయ్యి" అన్నా ఒప్పుకోదు. పైగా పెట్టినప్పుడల్లా ఒకడు చేరతాడు. ఒక్కసారి నొక్కితే రెండు ఆర్డర్లు పోయేది ఇలాగే కాబోలు.

జాన్ రెసిగ్ 2006లో విడుదల చేసిన జేక్వెరీ లైబ్రరీ దీనికి చక్కని ఉపాయం చెప్పింది: ఇంటిపేరు. "క్లిక్" అని రాసి, చుక్క పెట్టి, పక్కన "మెనూ" వంటి పేరు తగిలించవచ్చు. మనకు ఇంటిపేరు ముందు, వారికి వెనుక; అంతే తేడా. తరువాత "మెనూవారంతా లేవండి" అంటే వారే లేస్తారు, పక్క ఇంటివారు కదలరు.

అంత తెలివిగల లైబ్రరీ తన పేర్ల దగ్గర తానే తికమకపడింది. ఈ పురమాయింపుకే బైండ్, లైవ్, డెలిగేట్ అని మూడు మాటలు పెట్టుకుని, 2011లో అన్నిటికీ కలిపి "ఆన్" అన్న చిన్నమాట తెచ్చింది. 2013లో లైవ్‌ను తీసివేసింది. ఆ మాట మీద నడిచే పుటలు కొత్త కూర్పుకు మారగానే మూగబోయాయి.

భాషకే ఒకసారి ఈ ఇబ్బంది వచ్చింది. జావాస్క్రిప్టులోకి "ఫ్లాటెన్" అనే కొత్త మాట తేబోతే, మూటూల్స్ అనే పాత లైబ్రరీ ఆ పేరు ఎప్పుడో వాడేసుకుంది. ఆ లైబ్రరీతో కట్టిన పాత పుటలు చెడతాయని 2018లో పెద్ద రగడ! ఎవరో వేళాకోళానికి "స్మూష్" అందామన్నారు కూడా. చివరకు "ఫ్లాట్" అని కుదించి, 2019 ప్రమాణంలో చేర్చుకున్నారు.